పరిశోధన కేంద్రాల విద్యా కార్యక్రమాలు: ఏ ఆహ్వానం ఎవరికి పనికొస్తుంది?

సారాంశం: జీవవైద్య పరిశోధన కేంద్రాలు ప్రకటించే జాబితాల్లో అతిథి ఉపన్యాసం, జర్నల్ క్లబ్, వర్క్‌షాప్, సీఎంఈ (నిరంతర వైద్య విద్య), సదస్సు ఒకే వరుసలో కనిపిస్తాయి. వాటి పని తీరు, ఖర్చు, ఫలితం మాత్రం ఒక్కటి కాదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల విద్యార్థులకు, వైద్యులకు వీటిలో ఏది అక్కరకొస్తుంది, సర్టిఫికెట్ల గిరాకీ వీటిని ఎలా మారుస్తోంది, ఎంత ముందు నుంచి సిద్ధం కావాలి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

దసరా సెలవులు ముగిసినప్పటి నుంచి మార్చి ఆఖరు దాకా వైద్య కళాశాలల నోటీసు బోర్డులకు ఊపిరాడదు. ఒక బ్రోచర్ మీద మరొకటి, దాని మీద ఇంకొకటి గుచ్చి ఉంటాయి. అడుగున ఉన్నదాని రిజిస్ట్రేషన్ గడువు పైన ఉన్నదాని కింద కనపడకుండా పోతుంది. ఫోన్లలో గ్రూపులకు వచ్చే ఆహ్వానాలు వీటికి అదనం. "జాతీయ", "అంతర్జాతీయ" అన్న మాటలు దాదాపు అన్నింటి మీదా ఉంటాయి కనుక వాటిని బట్టి తేడా పోల్చుకోవడం కష్టం. ఎంబీబీఎస్ రెండో ఏడు చదివే విద్యార్థికీ, థీసిస్ మధ్యలో ఉన్న పీజీకీ, ఊళ్లో నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరుకీ ఒకే బ్రోచర్ చేరుతోంది. అది తమకు ఉద్దేశించిందో కాదో తేల్చుకునే ఆధారం వారి దగ్గర ఉండడం లేదు.

ఈ నెలల్లోనే ఎందుకు ఇన్ని

మొదటి కారణం డబ్బు కదిలే తీరు. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టులకు ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. శిక్షణకు, సమావేశాలకు కేటాయించిన మొత్తాన్ని ఆలోగా ఖర్చు చేసి వినియోగ పత్రం ఇవ్వాలి. అందుకే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వర్క్‌షాపులు గుంపుగా వస్తాయి. రెండో కారణం వాతావరణం. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమ ఎండలో బయటి ఊళ్ల నుంచి వందల మందిని పిలిచి సభ జరపడానికి ఎవరూ సాహసించరు.

మూడోది ప్రత్యేక దినాల వరుస. సి.వి. రామన్ 1928లో చేసిన ఆవిష్కరణకు గుర్తుగా ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం జరుగుతుంది. క్షయ క్రిమిని కనుగొన్నట్టు రాబర్ట్ కాక్ 1882లో ప్రకటించిన మార్చి 24 ప్రపంచ క్షయ దినం. నవంబరు 14 మధుమేహ దినం. నవంబరు 18 నుంచి 24 దాకా యాంటీబయాటిక్ మందులకు లొంగని క్రిములపై అవగాహన వారం. పరిశోధన కేంద్రాలు తమ ఉపన్యాసాలను ఈ తేదీల చుట్టూ అల్లుకుంటాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వంటి సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలలు ఆ మండలి వ్యవస్థాపక దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో ప్రజలకు తలుపులు తెరిచే ఆనవాయితీ కూడా ఇలాంటిదే. ఈ వరుస తెలిసిన విద్యార్థి బ్రోచర్ వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు. ఏ నెలలో ఏ విషయం మీద పిలుపు వస్తుందో ముందే అంచనా వేసుకోవచ్చు.

జర్నల్ క్లబ్: బ్రోచర్ లేని కార్యక్రమం

పరిశోధన కేంద్రంలో అన్నింటికన్నా తక్కువ ఆర్భాటంతో, అన్నింటికన్నా తరచుగా జరిగేది జర్నల్ క్లబ్. దీనికి దండలు, జ్యోతి ప్రజ్వలన ఉండవు. వారానికో, పదిహేను రోజులకో ఒకసారి ఒక పీజీ గానీ పరిశోధక విద్యార్థి గానీ ప్రచురితమైన ఒక పరిశోధన పత్రాన్ని తీసుకొచ్చి, దాన్ని మిగతావారి ముందు విప్పి చూపుతారు. కెనడాలోని మాంట్రియల్‌లో విలియం ఆస్లర్ 1875లో ఇలాంటి క్లబ్ మొదలుపెట్టడానికి కారణం పేదరికమే. ఖరీదైన వైద్య పత్రికలను ఒక్కరు కొనలేక, నలుగురు కలిసి తెప్పించుకుని చదువుకునేవారు.

క్లబ్ ఎలా పనిచేస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఒక కొత్త మందు గుండెపోటును 50 శాతం తగ్గించిందని ఒక పత్రం శీర్షికలోనే రాశారనుకుందాం. లోపలి పట్టిక తెరిస్తే, మందు వాడని 1,000 మందిలో 20 మందికి, వాడిన 1,000 మందిలో 10 మందికి గుండెపోటు వచ్చింది. 20 నుంచి 10కి తగ్గింది కాబట్టి 50 శాతం అన్న మాట అబద్ధం కాదు. అయితే వందలో ఇద్దరికి రావలసింది ఒక్కరికి వచ్చిందని కూడా అదే పట్టిక చెబుతోంది. అంటే ఒకరికి మేలు జరగాలంటే 100 మంది ఆ మందు మింగాలి. నెలకు ఆ మందు ధర ఎంత, మిగతా 99 మందికి దుష్ఫలితాలు ఏమిటి అన్న ప్రశ్నలు అక్కడి నుంచి మొదలవుతాయి. ఆ తర్వాత ప్రొఫెసర్ అడిగే ప్రశ్న ఇంకా లోతుకు పోతుంది. ఆ 2,000 మందిలోకి ఎవరిని తీసుకోలేదు? రక్తహీనత ఉన్నవారిని, 65 ఏళ్లు దాటినవారిని, పాత క్షయ రోగులను పక్కన పెట్టి ఉంటే, ఆదోని నుంచో కదిరి నుంచో ఓపీకి వచ్చే రోగికి ఆ ఫలితం వర్తిస్తుందా? మధ్యలో పరీక్షలకు రావడం మానేసినవారిని ఏ లెక్కలో వేశారు?

ఈ ప్రశ్నలకు తడబడిన పీజీ మరుసటి నెలలో తన థీసిస్ పట్టికలను వేరే కంటితో చూస్తాడు. సభలో కూర్చుని విన్నవారికీ ఆ చూపు కొంత అలవడుతుంది. ఖర్చు లేకుండా, ప్రయాణం లేకుండా, క్రమం తప్పకుండా ఇంత శిక్షణ ఇచ్చే కార్యక్రమం మరొకటి లేదు. అయినా శాఖల్లో పని ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా రద్దయ్యేది ఇదే కావడం విచారకరం.

జర్నల్ క్లబ్‌కు ఇన్నాళ్లు నిజమైన అడ్డంకి పత్రికలు అందకపోవడం. సారాంశం మాత్రమే ఉచితంగా దొరికి, పూర్తి పత్రానికి వేల రూపాయలు అడిగే పరిస్థితిలో పట్టిక దాకా వెళ్లి ప్రశ్నించడం సాధ్యం కాదు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకం ఈ అడ్డంకిని చాలావరకు తొలగించేది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని ఉన్నత విద్యా సంస్థలకు అందుబాటులోకి తేవడం దీని ఉద్దేశం. 1956లో మొదలైన కర్నూలు వైద్య కళాశాల, 2000లో వచ్చిన అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల, 2006లో ఏర్పడిన కడప రిమ్స్ వంటి సంస్థల విద్యార్థులకు దీని విలువ ఎక్కువ. పెద్ద నగరంలోని విద్యార్థి పక్క సంస్థ గ్రంథాలయానికి వెళ్లి చదువుకోగలడు. ఇక్కడ ఆ పక్క సంస్థ ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉంటుంది.

వర్క్‌షాప్: చేతికి రావలసిన విద్య

ఉపన్యాసంలో 200 మంది కూర్చున్నా నష్టం లేదు. వర్క్‌షాప్‌లో 30 మంది దాటితే అది పేరుకే వర్క్‌షాప్. కారణం పరికరాల దగ్గర తెలుస్తుంది. జీవవైద్య ప్రయోగశాలలో తొలి పాఠం సాధారణంగా మైక్రోపిపెట్‌తోనే మొదలవుతుంది. బొటనవేలితో నొక్కి అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే ఆ చిన్న సాధనానికి రెండు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు దాకా నొక్కి, కొనను ద్రవంలో ముంచి, వేలిని మెల్లగా వదలాలి. ద్రవాన్ని బయటికి వదిలేటప్పుడు మాత్రం రెండో మెట్టు దాకా నొక్కాలి. కొత్తవారు తీసుకునేటప్పుడే రెండో మెట్టు దాకా నొక్కేస్తారు, కావలసినదానికన్నా ఎక్కువ ద్రవం లోపలికి వస్తుంది. వేలిని ఒక్కసారిగా వదిలితే గాలి బుడగ చేరి తక్కువ వస్తుంది.

తప్పు ఎంతో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. ఒక మైక్రోలీటరు (లీటరులో పది లక్షలో వంతు) నీరు దాదాపు ఒక మిల్లీగ్రాము తూగుతుంది. 100 మైక్రోలీటర్ల నీటిని సున్నితమైన త్రాసు మీద పదిసార్లు వదిలి, ప్రతిసారీ బరువు రాసుకుంటే సరిపోతుంది. అలవాటున్న చేతికి పది అంకెలూ 100 మిల్లీగ్రాముల చుట్టూనే ఉంటాయి, కొత్త చేతికి అటూ ఇటూ చెదిరిపోతాయి. ఈ ఒక్క అభ్యాసానికి మనిషికి పావుగంట పడుతుంది. ఐదు పిపెట్లు, ఒక త్రాసు, ఒక శిక్షకుడు ఉన్నచోట 60 మందికి సర్టిఫికెట్ ఇస్తున్నారంటే, వారిలో అధికులు దూరం నుంచి చూసి వెళ్లినట్టే లెక్క.

కొలత ఎంత ముఖ్యమో చెప్పడానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ద్రావణంలో ఏర్పడే నీలి రంగు ఎంత చిక్కగా ఉందో చూసి ఫాస్ఫరస్ పరిమాణాన్ని నిర్ణయించే ఈ పద్ధతి ఆధారంగానే కండరాల్లో శక్తిని నిల్వ చేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆపై కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించే పని ముందుకు సాగింది. ద్రావణం కొలతలో చేయి తప్పితే రంగు మారుతుంది, రంగు మారితే ఫలితం మారుతుంది. అందుకే వర్క్‌షాప్ బ్రోచర్‌లో చూడవలసింది ముఖ్య అతిథుల పేర్లకన్నా ముందు రెండు అంశాలు: సీట్లు ఎన్ని, ఒక్కో పరికరం దగ్గర ఎంతమంది. ఈ రెండూ రాయని బ్రోచర్ పంపినవారికి ఫోన్ చేసి అడగడం మర్యాద తప్పిన పనేమీ కాదు.

అతిథి ఉపన్యాసం, థీసిస్ సెమినార్

అతిథి ఉపన్యాసం దిశ చూపుతుంది, నైపుణ్యం ఇవ్వదు. గంటసేపటి ప్రసంగంకన్నా తర్వాతి పది నిమిషాల ప్రశ్నలు, ఆపై టీ దగ్గర దొరికే ఐదు నిమిషాలు విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తాయి. కోవిడ్ తర్వాత ఇవి చాలావరకు ఆన్‌లైన్‌లోనూ ప్రసారమవుతున్నాయి కాబట్టి, వినడం కోసమే దూరం వెళ్లవలసిన అవసరం తగ్గింది.

చాలామందికి తెలియని అవకాశం పీహెచ్‌డీ సెమినార్లు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పణకు ముందు జరిగే ప్రదర్శనకు అధ్యాపకులు, ఇతర పరిశోధక విద్యార్థులు హాజరు కావచ్చు. వైవా (మౌఖిక పరీక్ష) కూడా తలుపులు మూసి జరిపేది కాదు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ, కడపలోని యోగి వేమన, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయాల జీవశాస్త్ర శాఖల్లో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. నాలుగైదేళ్ల పనిని ఒక పరిశోధకుడు బయటి పరీక్షకుడి ముందు సమర్థించుకోవడం చూసిన కొత్త విద్యార్థికి, తన దారిలో ఎక్కడెక్కడ గోతులు ఉంటాయో ముందే తెలుస్తుంది.

సీఎంఈ: గంటల లెక్క, దాని పరిమితి

నిరంతర వైద్య విద్య కార్యక్రమాలను అందరూ సీఎంఈ అనే పిలుస్తారు. ఇవి ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లకు ఉద్దేశించినవి. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తన నియమావళి ప్రతి వైద్యుడూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి విద్యా సమావేశాల్లో పాల్గొనాలని చెబుతుంది. అంటే ఏడాదికి ఆరు గంటలు, సుమారు ఒక పూర్తి రోజు కార్యక్రమం. ఈ గంటలను లెక్కలో వేసే క్రెడిట్ రావాలంటే రాష్ట్ర వైద్య మండలి గుర్తింపు ముందే ఉండాలి. బ్రోచర్ మీద "క్రెడిట్ కోసం దరఖాస్తు చేశాం" అని ఉండటానికీ "మంజూరైంది" అని ఉండటానికీ చాలా తేడా ఉంది.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. క్రెడిట్ హాజరుకే వస్తుంది, నేర్చుకున్నదానికి కాదు. చాలాచోట్ల చివర పరీక్ష ఉండదు. ఉదయం సంతకం పెట్టి మధ్యాహ్నం భోజనం తర్వాత క్లినిక్‌కు వెళ్లిపోయినవారికీ, సాయంత్రం దాకా కూర్చుని ప్రశ్నలడిగినవారికీ కాగితం మీద తేడా కనిపించకపోవచ్చు. కార్యక్రమానికి ముందు పది ప్రశ్నలు, తర్వాత అవే పది ప్రశ్నలు ఇచ్చి పోల్చే నిర్వాహకులు కొందరున్నారు. ఖర్చులేని ఈ పద్ధతి ఎందుకు విస్తరించలేదన్నది ఆలోచించవలసిన విషయం.

మందుల కంపెనీల పాత్ర మరో సున్నితమైన అంశం. హాలు అద్దె, భోజనాలు, వక్తల ప్రయాణం అన్నీ కలిపితే ఒక్క రోజు సీఎంఈకి కూడా చిన్న మొత్తం సరిపోదు. ఆ లోటును కంపెనీలు తమ ప్రదర్శన స్టాళ్లకు కట్టే అద్దె పూడుస్తుంది. వైద్యులు సదస్సుల కోసం కంపెనీల నుంచి ప్రయాణ సౌకర్యాలు తీసుకోరాదని 2009 డిసెంబరులో నియమావళికి సవరణ చేశారు. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన ఔషధ మార్కెటింగ్ నియమావళి, కంపెనీలు వైద్యులకు విదేశాల్లో ఇలాంటి కార్యక్రమాలు జరపడాన్ని నిషేధించింది. స్టాల్ ఉన్నంత మాత్రాన ఉపన్యాసం అబద్ధమైపోదు. వక్త తనకు ఏ కంపెనీతో సంబంధం ఉందో మొదటి స్లైడ్‌లోనే చెప్పారా లేదా అన్నది శ్రోత గమనించదగిన విషయం.

సదస్సులు, సర్టిఫికెట్ల గిరాకీ

సదస్సుల సంఖ్య పెరగడానికి పరిశోధన పెరగడం ఒక్కటే కారణం కాదు, నిబంధనల ప్రభావమూ ఉంది. యూజీసీ 2016 నిబంధనలు పీహెచ్‌డీ థీసిస్ సమర్పించేలోగా ఒక పరిశోధన పత్రం ప్రచురించాలని, సదస్సుల్లో రెండు ప్రసంగాలు చేయాలని కోరాయి. ఏటా వేలమందికి రెండేసి సర్టిఫికెట్లు అవసరమైనప్పుడు, వాటిని అందించే సదస్సులూ పుట్టుకొచ్చాయి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఈ తప్పనిసరిని తొలగించాయి. పీజీ వైద్య విద్యలో మాత్రం సదస్సులో పోస్టర్ (పరిశోధనను ఒకే పెద్ద షీటు మీద చూపే ప్రదర్శన) లేదా పత్రం సమర్పించడం పరీక్షార్హతతో ముడిపడిన అంశంగా కొనసాగుతోంది. అధ్యాపకుల పదోన్నతుల లెక్కల్లోనూ ఈ కాగితాలకు చోటుంది. గిరాకీ ఉన్నన్నాళ్లూ సరుకు వస్తుంది, అందులో కల్తీ కూడా కలుస్తుంది.

కల్తీ సదస్సును పోల్చుకోవడం మరీ కష్టమేమీ కాదు. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, వైద్యం, సాహిత్యం అన్నింటికీ ఒకే సదస్సు అని ఉంటుంది. అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపిన మరునాడే "ఎంపికైంది, రుసుము చెల్లించండి" అని జవాబు వస్తుంది. సలహా సంఘంలో పెద్ద పేర్లుంటాయి గానీ ఆ వ్యక్తులకు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఎప్పటి నుంచో నడుస్తున్న ఒక వృత్తి సంఘం పేరుకు ఒక్క అక్షరం అటూ ఇటూ చేసిన పేరు ఉంటుంది. నిజమైన సదస్సులో అబ్‌స్ట్రాక్ట్‌ను ఇద్దరు ముగ్గురు చదివి, కొన్నింటిని మౌఖిక ప్రసంగానికి, ఎక్కువ భాగాన్ని పోస్టర్‌కు, కొన్నింటిని తిరస్కరణకు పంపుతారు. తిరస్కరించే అధికారం లేని సదస్సులో ఎంపికకు అర్థం లేదు. ఇలాంటి రుసుముల కోసం అప్పు చేసే విద్యార్థులు ఉన్నారు కనుక, ఈ విషయంలో గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్లు ముందే హెచ్చరించడం వారి బాధ్యత.

పోస్టర్‌ను చిన్నచూపు చూసే అలవాటు కూడా మారవలసినదే. ఎనిమిది నిమిషాల మౌఖిక ప్రసంగంలో ప్రశ్నకు రెండు నిమిషాలే మిగులుతాయి. పోస్టర్ పక్కన గంటన్నర నిలబడిన విద్యార్థి దగ్గరికి అదే వ్యాధి మీద పనిచేస్తున్నవారు వచ్చి, పట్టిక మీద వేలు పెట్టి మాట్లాడతారు. కొత్తవారికి ఆ సంభాషణే ఎక్కువ లాభం.

సీమ నుంచి దూరం లెక్క

కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నాయి. కడపకు తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. కాబట్టి మూడు పట్టణాలూ మూడు వేర్వేరు విద్యా కేంద్రాల వైపు మొగ్గుతాయి. కర్నూలువారికి సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరిశోధన కేంద్రం) అందుబాటు. అనంతపురంవారికి భారతీయ విజ్ఞాన సంస్థ, ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర కేంద్రం) దగ్గర. కడపవారికి తిరుపతిలోని స్విమ్స్ (వైద్య విద్యా సంస్థ), ఐసర్ (సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) చేరువ. ఒక రోజు కార్యక్రమానికి ముందు రాత్రి బస్సెక్కి, మరునాటి తెల్లవారుజామున తిరిగి దిగాలి. పీజీ అయితే ఆ రెండు రాత్రుల డ్యూటీని సహచరుడికి అప్పగించాలి. ఈ ఖర్చు మీద చూస్తే చేతిపని నేర్పే వర్క్‌షాప్‌కూ, సొంత పోస్టర్ ఉన్న సదస్సుకూ ప్రయాణం గిట్టుబాటు అవుతుంది. వినడానికే అయితే ఆన్‌లైన్ చాలు.

ప్రయాణమే లేని శిక్షణ మరొకటి ఉంది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ (వ్యాధుల వ్యాప్తి అధ్యయన) సంస్థ 2019 నుంచి ఆన్‌లైన్‌లో నడుపుతున్న జీవవైద్య పరిశోధన ప్రాథమిక కోర్సు పీజీ వైద్య విద్యార్థులకు తప్పనిసరి. తప్పనిసరి కనుక ఏదో ఒకలా ముగించేద్దామనుకునేవారు ఎక్కువే గానీ, నమూనా పరిమాణం (ఎంతమందిని పరిశీలించాలన్నది) లెక్కించే పాఠాన్ని థీసిస్ సినాప్సిస్ (ప్రతిపాదన) రాసే ముందు శ్రద్ధగా విన్నవారికి తర్వాత గణాంక నిపుణుడి చుట్టూ తిరిగే శ్రమ తగ్గుతుంది. ఎంబీబీఎస్ విద్యార్థులకు 1979 నుంచి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడుపుతున్న రెండు నెలల స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకం ఉంది. తమ కళాశాలలోనే, తమ గైడ్ దగ్గరే పనిచేయవచ్చు.

జనవరి పోస్టర్‌కు అంతకు ముందు ఏడాది అడుగు

కార్యక్రమాల జాబితాను తేదీల వారీగా చదవడం ఒక పద్ధతి, తేదీ నుంచి వెనక్కి లెక్కించడం మరో పద్ధతి. రెండోదే ఫలితమిస్తుంది. అనంతపురం ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ మీద పోస్టర్ వేయాలనుకునే విద్యార్థిని తీసుకుందాం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. భూగర్భ జలం వానలకు ముందు ఒకలా, తర్వాత మరొకలా ఉండవచ్చు కనుక, నమూనాలు రెండు కాలాల్లోనూ తీసుకోవాలి. అవి గాజు సీసాల్లో కాకుండా ప్లాస్టిక్ సీసాల్లో తేవాలి, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు గాజుతో చర్య జరిపే గుణం ఉంది. ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్ల మీద వచ్చే మచ్చలు కూడా పరిశీలించేటట్లయితే తల్లిదండ్రుల సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, పరిశోధన నైతికతను పరిశీలించే కళాశాల ఎథిక్స్ కమిటీ ఆమోదం ముందే ఉండాలి. పని మొదలుపెట్టాక వెనకటి తేదీతో ఏ కమిటీ కూడా అనుమతి ఇవ్వదు.

సదస్సు జనవరిలో అయితే అబ్‌స్ట్రాక్ట్ గడువు సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది. అప్పటికి వాన తర్వాతి నమూనాలు పరీక్షించి, పట్టిక సిద్ధమై ఉండాలి. వానకు ముందరి నమూనాలు మే నెలలో తేవాలి. ఎథిక్స్ కమిటీ రెండు మూడు నెలలకోసారి కూర్చునే చోట, ఏప్రిల్‌లో ఆమోదం రావాలంటే ఫిబ్రవరిలోనే ప్రతిపాదన చేతిలో ఉండాలి. అంటే ఈ ఫిబ్రవరిలో సైన్స్ దినోత్సవ ఉపన్యాసం విని, ఆ ప్రశ్నల పది నిమిషాల్లో తన ఊరి బోరు నీటి గురించి అడిగిన విద్యార్థి, ఆ వారంలోనే గైడ్ గది తలుపు తడితే, వచ్చే జనవరి సదస్సు గోడ మీద అతని పోస్టర్‌కు చోటు ఉంటుంది.